పడక పక్కన మనిషి

ఇంటెన్సివ్ కేర్ యూనిట్ అనగానే విజయవాడ చుట్టుపక్కల జనానికి ముందుగా గుర్తుకొచ్చేవి వెంటిలేటర్, మానిటర్ తెర, పూటపూటకూ పెరిగే బిల్లు. ఆ గదిలో రోగిని బతికించేది యంత్రమేనన్న నమ్మకం ఎంతగా నాటుకుపోయిందంటే, మచిలీపట్నం నుంచో తిరువూరు నుంచో రోగిని తీసుకొచ్చిన బంధువులు మొదట అడిగేది వెంటిలేటర్ ఖాళీగా ఉందా అనే తప్ప, దాని పక్కన రాత్రిపూట ఎందరు నర్సులుంటారన్నది ఎవరికీ తట్టదు. యంత్రం అవసరాన్ని కాదనలేము. అయితే ప్రాణాపాయంలో ఉన్న శరీరానికి వైద్యం చేయగలిగే మేలు చాలాసార్లు జబ్బును నేరుగా నయం చేయడంలో ఉండదు. శరీరం తనంతట తాను కోలుకునేదాకా ఊపిరిని, రక్తపోటును, మూత్రపిండాలను, చర్మాన్ని చెడిపోనీయకుండా నిలబెట్టి ఉంచడంలో ఉంటుంది. ఆ నిలబెట్టే పని గంటల లెక్కన జరుగుతుంది, ఆ గంటల్లో అధికభాగం నర్సు చేతుల మీదుగానే గడుస్తాయి. కృష్ణా డెల్టా ఐసీయూలకు చేరే కొన్ని రకాల రోగులను గమనిస్తే ఈ సంగతి పాఠ్యపుస్తకాల్లో కంటే స్పష్టంగా బోధపడుతుంది.

ఐసీయూ పుట్టుకే మనిషి చేతుల్లో జరిగింది. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించి, ఊపిరి కండరాలు చచ్చుబడిన రోగులు బ్లెగ్డామ్ ఆసుపత్రికి వరుసకట్టినప్పుడు, బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు గొంతు దగ్గర చిన్న రంధ్రం చేసి, అందులో గొట్టం అమర్చి, దానికి తగిలించిన రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించవచ్చని చూపించాడు. చాలినన్ని యంత్రాలు లేని ఆ నగరంలో సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా పడకల పక్కన కూర్చుని, నెలల తరబడి రాత్రింబవళ్లు ఆ సంచులను నొక్కారు. ఆ రకం పక్షవాతం వచ్చినవారిలో అంతకుముందు 80 శాతానికి పైగా చనిపోతుండగా, ఆ తర్వాత మరణాలు సగానికంటే తక్కువకు దిగాయి. ఆ అనుభవంతోనే 1953 డిసెంబరులో ఇబ్సెన్ అటువంటి రోగుల కోసం ప్రత్యేక విభాగాన్ని తెరిచాడు. ప్రపంచంలో తొలి ఐసీయూగా వైద్య చరిత్రకారులు ఎక్కువగా చెప్పేది దాన్నే. తర్వాత వచ్చిన వెంటిలేటర్ ఆ చేతుల నుంచి సంచి నొక్కే పనిని మాత్రమే తీసుకుంది. గొట్టంలో తెమడ పేరుకుందా, రోగి ముఖం కమిలిందా, ఛాతీ రెండు వైపులా సమంగా లేస్తోందా అని కనిపెట్టే పని పడక పక్కన నిలబడ్డ మనిషికే మిగిలిపోయింది.

డెల్టా సంగతికి వస్తే పాముకాటుతో మొదలుపెట్టడం న్యాయం. వరిచేలు, చేలలో ఎలుకలు, ఎలుకల కోసం గట్లలో చేరే పాములు, అదే గట్ల మీద చెప్పులు లేకుండా నడిచే కూలీలు ఇక్కడ ఒకే చోట బతుకుతారు. కాలువలు పొంగినప్పుడు, వానలకు బొరియలు మునిగినప్పుడు పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి వస్తాయి. 2018 వర్షాకాలంలో దివిసీమలో కాట్లు ఒక్కసారిగా పెరిగి, అవనిగడ్డ ఆసుపత్రికి బాధితులు వరుసగా చేరినప్పుడు రాష్ట్రమంతా ఆ మాటే చెప్పుకుంది, మోపిదేవిలో సర్పశాంతి యాగం కూడా జరిగింది. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది మరణించారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి దాదాపు 58,000 మంది, అందులో అత్యధికులు పల్లెల్లో పొలం పని చేసుకునేవారు.

మనుషుల ప్రాణాలు ఎక్కువగా తీసే నాలుగు పాముల్లో నాగుపాము, కట్లపాము నరాల మీద పనిచేస్తాయి. రక్తపింజర, చిన్నపింజర రక్తం గడ్డకట్టే గుణాన్ని దెబ్బతీస్తాయి. ఈ నాలుగింటికీ కలిపి ఒకటే విరుగుడు మందు ఉంది. పాముల విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసే ఈ మందును యాంటీ స్నేక్ వీనమ్ అంటారు, ఆసుపత్రుల్లో అందరూ పొట్టిగా ఏఎస్‌వీ అంటారు. మామూలుగా తొలి మోతాదు పది సీసాల వరకు ఉంటుంది, దాన్ని సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కిస్తారు. గుర్రపు మాంసకృత్తులు మనిషి శరీరానికి పడకపోవచ్చు కనుక, ఎక్కించడం మొదలుపెట్టిన తొలి నిమిషాల్లోనే దద్దుర్లు లేవడం, గొంతు బిగుసుకోవడం, రక్తపోటు పడిపోవడం జరగవచ్చు. అందుకే ఆ సమయంలో నర్సు అడ్రినలిన్ సిరంజిని నింపి చేతికందేలా పెట్టుకుని, రోగిని విడవకుండా నిలబడాలి. రక్తపింజర కరిచినవారి విషయంలో అదే నర్సు శుభ్రమైన పొడి గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తర్వాత వంచి చూస్తుంది. రక్తం గడ్డకట్టకుండా జారిందంటే విషం ఇంకా పనిచేస్తున్నట్టే. ప్రయోగశాల లేని చోట కూడా చేయగలిగిన ఈ పరీక్ష మీదనే విరుగుడు మళ్లీ ఇవ్వాలా అన్న నిర్ణయం ఆధారపడుతుంది. ఆపైన గంటగంటకూ మూత్రం కొలవాలి, ఎందుకంటే రక్తపింజర విషం మూత్రపిండాలను పాడుచేస్తుంది, ఆ ప్రమాదం మొదట కనబడేది సంచిలో మూత్రం తగ్గడంలోనే.

అయితే నర్సింగ్ అంటే ఏమిటో అన్నింటికంటే లోతుగా నేర్పేది కట్లపాము కాటు. రాత్రివేళ నేల మీద పడుకున్నవారిని కరిచే ఈ పాము కాటుకు నొప్పి గానీ వాపు గానీ పెద్దగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, మధ్యాహ్నానికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దయి, మింగుడు పడక, చివరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. దీని విషం నరం చివర కండరాన్ని తాకే చోటును లోపలి నుంచే దెబ్బతీస్తుంది. ఒకసారి దెబ్బతిన్న ఆ కొసలను విరుగుడు మందు తిరిగి బాగుచేయలేదు, రక్తంలో ఇంకా తిరుగుతున్న విషాన్ని మాత్రమే అది పట్టుకోగలదు. నరాల కొసలు మళ్లీ మొలవాలి, అందుకు రోజులు పడుతుంది, ఒక్కోసారి వారం దాటుతుంది. ఆ రోజులన్నీ రోగి వెంటిలేటర్ మీద ఉండాలి, ఊపిరితిత్తుల్లోకి చీము చేరకుండా, వీపు పుండ్లు పడకుండా, గొట్టం ఊడకుండా కాపాడితే చాలు, చాలామంది పూర్తిగా కోలుకుని నడిచి ఇంటికి వెళతారు. నయం చేసేది కాలమే. ఆ కాలాన్ని రోగికి దక్కించేది మాత్రం నర్సే.

ఇందులో మరొక సంగతి ఉంది, అది తెలిసినవారెవరూ దాన్ని తేలిగ్గా తీసుకోలేరు. కట్లపాము విషం కండరాలను కట్టివేస్తుంది కానీ స్పృహను తీసేయదు. కళ్లు తెరవలేని, వేలు కదపలేని, కనుపాపలు కూడా వెలుతురుకు స్పందించని ఆ మనిషి పైకి చూస్తే మెదడు చచ్చిపోయినవాడిలా కనిపిస్తాడు. అనుభవం లేని చోట అలాగే పొరబడి ఆశ వదులుకునే ప్రమాదం ఉందని వైద్య గ్రంథాలు హెచ్చరిస్తాయి. నిజానికి అతడు పడక చుట్టూ జరిగే ప్రతి మాటా వింటూ ఉండవచ్చు, లాభం లేదట అని ఎవరో గుసగుసలాడింది కూడా. అందుకే మంచి నర్సు అతడితో మాట్లాడుతుంది. చేతికి సూది గుచ్చే ముందు చెబుతుంది, ఇప్పుడు రాత్రి తొమ్మిదయిందని, మీ తమ్ముడు బయట వరండాలో ఉన్నాడని, ఇంకో రెండు మూడు రోజుల్లో చేతులు కదులుతాయని చెబుతుంది. వయసును బట్టి అన్నా అనో, బాబాయ్ అనో, పెద్దయ్యా అనో పిలుస్తుంది. పూర్తిగా మూతపడని కన్ను ఎండిపోకుండా మందు రాసి, రెప్పను మెత్తగా మూసి అంటిస్తుంది. ఈ మాటలను ఏ మానిటర్ కూడా నమోదు చేయదు, బిల్లులో ఇవి ఎక్కడా కనిపించవు. అయినా కదలలేని భయంలో ఉన్న మనిషికి అందే చికిత్సలో వీటిని చివరి వరుసలో పెట్టడం తప్పు.

డెల్టా ఐసీయూలకు తరచుగా వచ్చే మరో రోగి పురుగుమందు తాగినవాడు. అప్పు, పంట నష్టం, ఇంట్లో మాట పట్టింపు, పరీక్ష తప్పడం వంటివేవో కారణమై, చేతికందే దూరంలో ఉన్న డబ్బా మూత తీయడానికి ఒక్క నిమిషం సరిపోతుంది. ఆ నిమిషం దాటాక చాలామంది బతకాలనే కోరుకుంటారు. మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు శరీరంలో కోలినెస్టెరేజ్ అనే ఎంజైమును కట్టివేస్తాయి. నరాలు కండరాలకూ గ్రంథులకూ సందేశం పంపే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని ఎప్పటికప్పుడు తుడిచివేసేది ఆ ఎంజైమే కనుక, అది ఆగిపోతే గ్రంథులన్నీ ఒక్కసారిగా పొంగుతాయి. నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట, ఊపిరితిత్తుల నిండా నీరు, సూదిమొనంత చిన్నవైన కనుపాపలు, మందగించే గుండె ఒకదాని వెంట ఒకటిగా కనిపిస్తాయి.

దీనికి విరుగుడైన ఎట్రోపిన్ చవకైన పాత మందు. చిన్న గాజు ఆంప్యూల్‌లో 0.6 మిల్లీగ్రాముల చొప్పున వస్తుంది, కానీ ఈ రోగికి పదుల ఆంప్యూళ్లు పట్టవచ్చు. తొలి మోతాదు ఇచ్చాక ఐదు నిమిషాలకొకసారి రోగిని పరీక్షించి, ఊపిరితిత్తులు తేటపడేవరకు ప్రతిసారీ మోతాదును రెట్టింపు చేస్తూ పోవాలి, ఆ తర్వాత అప్పటిదాకా పట్టిన మొత్తంలో పది నుంచి ఇరవై శాతాన్ని గంటగంటకూ ఎక్కిస్తూ ఉండాలి. ఎప్పుడు చాలు, ఎప్పుడు ఇంకా కావాలి అన్నది ఏ యంత్రమూ చెప్పదు. స్టెతస్కోపు పెట్టి ఊపిరి శబ్దం వినాలి, చంక తడిగా ఉందా పొడిగా ఉందా అని చేత్తో తాకి చూడాలి, నాడి 80 దాటిందా, కనుపాప విచ్చుకుందా, పేగుల శబ్దం వినబడుతోందా అని గంటకొకసారి చార్టులో రాయాలి. మందు తక్కువైతే రోగి తన ఊపిరితిత్తుల్లోని నీటిలోనే మునిగిపోతాడు. ఎక్కువైతే జ్వరం వచ్చి, మతిచలించి, గాలిలో దేన్నో పట్టుకోబోతున్నట్టు చేతులాడిస్తూ, గొట్టాలు పీకేసుకుంటాడు. ఈ రెండింటి నడుమ ఉండే సన్నని దారిలో రోగిని రాత్రంతా నడిపించేది అతడి చర్మాన్ని తాకి చూసే నర్సు. విజయవాడలో మే నెల వేడికి ఎట్రోపిన్ తోడైతే చెమట పట్టని శరీరం ఎంత త్వరగా కాగిపోతుందో అక్కడి నర్సులకు వేరే చెప్పనక్కర్లేదు.

ప్రమాదం అంతటితో తీరదు. స్పృహ వచ్చి, అన్నం అడిగి, ఇంటివారు ఊపిరి పీల్చుకున్న తరువాత, విషం తాగిన 24 గంటల నుంచి 96 గంటల మధ్య కొందరిలో మెడ, భుజాలు, ఊపిరి కండరాలు హఠాత్తుగా బలహీనపడతాయి. శ్రీలంక వైద్యులు సేననాయకే, కరలియద్ద 1987లో వివరించిన ఈ స్థితిని ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటారు. దీన్ని తొలిగా పట్టుకోవడానికి స్కాన్ అక్కర్లేదు. దిండు మీద నుంచి తల ఎత్తమని అడగాలి, ఎత్తలేకపోతే తక్షణం వైద్యుణ్ణి పిలవాలి. మూడో రోజు బాగున్నాడనుకుని రోగిని మూల పడకకు మార్చిన వార్డులో, ఒక్క నర్సు ఇరవై మందిని చూసుకుంటుంటే, ఆ ప్రశ్న అడిగే తీరిక ఎవరికి దొరుకుతుంది? తెల్లవారి చూసేసరికి ఊపిరి ఆగిపోయి ఉంటే దాన్ని విషం ఖాతాలో రాయడం సులువు.

పురుగుమందు తాగినవాడి చుట్టూ సిగ్గు, కోపం, పోలీసు కేసు భయం కమ్ముకుని ఉంటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వారిని శిక్షించకుండా ఆదుకోవాలని చెప్పింది. చట్టం ఎంత దయగా రాసినా, స్పృహ వచ్చిన రోగికి మొదట వినబడే గొంతు నర్సుదే. ఎందుకు తాగావురా అని కసిరే గొంతుకూ, ఇప్పుడు గొంతు మంటగా ఉందా తమ్ముడూ అని అడిగే గొంతుకూ ఉన్న తేడా ఆ రోగి మళ్లీ డబ్బా ముట్టుకోవడం, ముట్టుకోకపోవడం దాకా వెళ్లవచ్చు. అలసిపోయిన రాత్రి డ్యూటీలో ఆ రెండో గొంతు నిలుపుకోవడాన్ని సహజ గుణంగా భావించి వదిలేయకూడదు, అది కూడా నేర్చుకుని నిలబెట్టుకోవాల్సిన పనితనమే.

విషం ఏదైనా, జబ్బు ఏదైనా, వెంటిలేటర్ మీద ఉన్న ప్రతి శరీరానికీ జరగాల్సిన నిత్యకృత్యాలు కొన్ని ఉన్నాయి. తలవైపు పడకను 30 నుంచి 45 డిగ్రీల దాకా ఎత్తి ఉంచాలి, లేకపోతే కడుపులోనివి గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి జారతాయి. బ్రష్‌తో పళ్లు తోమి నోరు శుభ్రం చేయాలి, ఎందుకంటే గొట్టం పక్కనుంచి లోపలికి దిగే క్రిములు ఎక్కువగా నోటిలో పెరిగినవే. గొట్టం చివరనున్న చిన్న గాలిబుడగ మరీ బిగుతుగా ఉంటే గాలిగొట్టం గోడ పుండు పడుతుంది, వదులుగా ఉంటే లాలాజలం కిందికి కారుతుంది కనుక దాని ఒత్తిడిని కొలిచి సరిచేయాలి. రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పాలి, మడమల కింద, నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడాలి. ముక్కు గుండా కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబు జారలేదని నిర్ధారించుకున్నాకే ఆహారం పంపాలి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద విద్యలా కనిపించదు. కానీ జరగనప్పుడు వచ్చే ఫలితం న్యుమోనియా, కుళ్లిన పుండు, రక్తంలో చీము, ఇంకో పది రోజుల వెంటిలేటర్. అంటే ఒక కౌలురైతు కుటుంబానికి మరో అప్పు.

కోవిడ్ కాలం ఈ చేతిపని విలువను లోకానికి చూపించింది. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిని వెంటిలేటర్ మీద ఉన్నవారిని రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు దాదాపు సగానికి తగ్గుతాయని 2013లోనే ఫ్రాన్స్ వైద్యులు ప్రధానంగా జరిపిన అధ్యయనం తేల్చింది. వినడానికి తేలికైన ఈ చికిత్సకు మందు ఖర్చు లేదు, కొత్త యంత్రం అక్కర్లేదు. నోట్లో గొట్టం, మెడలో సెంట్రల్ లైను, మూత్రపు గొట్టం ఏవీ ఊడకుండా ఒక పెద్ద శరీరాన్ని తిప్పడానికి ఐదారుగురు మనుషులు మాత్రం కావాలి. 2020, 2021 వేసవుల్లో పీపీఈ కిట్ల లోపల చెమటతో తడిసి ముద్దవుతూ ఆ పని చేసినవారిలో తాత్కాలిక ప్రాతిపదికన తీసుకున్న నర్సులు ఎందరో ఉన్నారు. ఉప్పెన తగ్గాక చప్పట్లు ఆగిపోయాయి, ఉద్యోగ భద్రత మాత్రం చాలామందికి అందలేదు.

ఐసీయూ తలుపుకు ఇవతల మరొక లోకం ఉంటుంది. తెలుగునాట జబ్బు ఒక్క మనిషికి రాదు, ఇంటిల్లిపాదికీ వస్తుంది. ఒక రోగి వెంట ఐదారుగురు వచ్చి, వరండాలో చాప పరచుకుని, క్యారియర్లు తెరిచి, ఫోన్లు చార్జింగ్ పెట్టుకుని రోజుల తరబడి కూర్చుంటారు. అన్ని జబ్బుల్లోనూ పక్కనే ఉండి కాళ్లు పట్టే వీరిని, అన్నింటికంటే పెద్ద కష్టం వచ్చినప్పుడే తలుపు బయట నిలబెట్టడం ఐసీయూ తెచ్చిన క్రూరత్వం. క్రిముల భయం, పని ఒత్తిడి అందుకు చెప్పే కారణాలు, వాటిలో కొంత నిజముంది. అయితే గంభీర స్థితిలో ఉన్న రోగికి, ముఖ్యంగా ముసలివారికి, డెలీరియం అనే తాత్కాలిక మతిభ్రమ వస్తుంది. పగలూ రాత్రీ తెలియని దీపాల వెలుగులో, ఆగని అలారం మోతల మధ్య, తానెక్కడున్నదీ మరిచి, ఎవరో తనను కట్టేశారని భయపడతారు. దీనికి గట్టి మందేదీ లేదు; కళ్లజోడు, వినికిడి యంత్రం తిరిగి పెట్టడం, మత్తుమందును వీలైనంత తగ్గించడం, రాత్రి నిద్ర పోనివ్వడం, తెలిసిన గొంతు వినిపించడం మేలు చేస్తాయి. పామర్రు పక్క పల్లెటూరి ముసలాయనకు ఆసుపత్రి భాష కంటే కూతురి పిలుపు ఎక్కువ పనిచేస్తుందన్నది ఊహించడానికి పరిశోధన కూడా అవసరం లేదు. ఆమెను పది నిమిషాలు లోపలికి రానిచ్చి, చేతులు కడిగించి, ఎక్కడ తాకవచ్చో చూపించగల నర్సు తన పనిలో కొంత భాగాన్ని చికిత్సగా మార్చినట్టే లెక్క.

ఆ వరండాలో సిస్టరమ్మా ఎలా ఉంది అనే ప్రశ్న రోజుకు ఎన్నిసార్లు వినబడుతుందో లెక్క లేదు. వైద్యుడు చెప్పింది అర్థం కాక, లేదా అర్థమైనా నమ్మబుద్ధికాక, జనం మళ్లీ నర్సునే అడుగుతారు. ఆమె చెప్పకూడనివి ఉంటాయి, చెప్పక తప్పనివీ ఉంటాయి. ఇక ఆశ లేదని తేలినప్పుడు ఈ ప్రాంతంలో చాలా కుటుంబాలు కొన ఊపిరి ఉండగానే ఇంటికి చేర్చాలని కోరుకుంటాయి, ప్రాణం సొంత గడప లోపల పోవాలని, నోట్లో తులసి తీర్థం పోయాలని. అప్పుడు చేత్తో ఊపిరి అందించే అంబు బ్యాగు నొక్కుతూ అంబులెన్సులో వెళ్లడం, గొట్టం ఎప్పుడు తీయాలో ఇంటివారికి వివరించడం ఎవరి పాలిట పడుతుందో చెప్పనక్కర్లేదు. పట్నంలో అద్దె ఇంట్లో ఉన్నవారికైతే ఆ చివరి కోరిక కూడా కుదరదు, ఇంటి యజమానులు ఒప్పుకోరు. గౌరవంగా చనిపోయే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది, ప్రయోజనం లేని చికిత్సను ఆపే విధానాన్ని 2023 జనవరిలో కొంత సులభం చేసింది. ఆ తీర్పులు అమల్లోకి రావాలంటే ఐసీయూలోనే నొప్పి లేకుండా, అయినవారి మధ్య, హడావుడి లేకుండా మరణించే ఏర్పాటు ఉండాలి. కోలుకునే రోగికి ఎంత నర్సింగ్ కావాలో, పోయే రోగికీ అంతే కావాలి; దురదృష్టవశాత్తూ మందులు ఆపగానే నర్సు సమయం కూడా అక్కడి నుంచి తప్పుకుంటుంది.

ఇంత పని చేసేవారు ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు అన్నది కూడా ఆలోచించదగ్గదే. ఈ డెల్టాకు ఆధునిక నర్సింగ్ క్రైస్తవ మిషన్ల వెంట వచ్చింది. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచింది. అటువంటి మిషన్ ఆసుపత్రుల్లో శిక్షణ పొందినవారిలో ఎక్కువమంది క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు, వారిలో చాలామంది దళిత వాడల నుంచి వచ్చినవారు. పరాయి మనిషి ఒళ్లు, మలమూత్రాలు ముట్టుకునే పనిని అగ్రవర్ణాలు చిన్నచూపు చూసిన కాలంలో వారు దాన్ని విద్యగా నేర్చుకున్నారు. నేడు విజయవాడ కేంద్రంగా ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివే అమ్మాయిలు, అబ్బాయిలు అన్ని కులాల నుంచీ వస్తున్నారు. కానీ ఆ పాత చిన్నచూపు జీతాల్లో, ఒప్పంద ఉద్యోగాల్లో ఇంకా బతికే ఉంది. నాలుగైదేళ్లు ఐసీయూలో చేయి తిరిగిన నర్సు గల్ఫ్‌కో బ్రిటన్‌కో వెళ్లిపోతే ఆమెను తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. ఆమె స్థానంలో కిందటి నెల చేరిన పిల్ల రాత్రి డ్యూటీకి వచ్చినప్పుడు నష్టపోయేది రోగే.

ఐసీయూలో ప్రతి షిఫ్టులో ఒక పడకకు ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం చెబుతుంది. కానీ వెంటిలేటర్ల మీద ఉన్న ముగ్గురు నలుగురిని ఒక్కరే చూసుకోవడం చాలా చోట్ల మామూలయిపోయింది. ఐరోపాలో తొమ్మిది దేశాల ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స జరిగిన రోగుల మీద లిండా ఐకెన్ బృందం చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, నర్సు మీద ఒక్క రోగి భారం పెరిగిన కొద్దీ 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం సుమారు 7 శాతం పెరిగినట్టు తేలింది. అవి మామూలు వార్డులు. ఐసీయూలో పొరపాటుకు దొరికే వ్యవధి అంతకంటే ఎంతో తక్కువ. ఎట్రోపిన్ సగం మోతాదే ఇచ్చిన ఆసుపత్రిని ఎవరూ క్షమించరు, కేసు పెడతారు. నర్సింగ్ సగం మోతాదే ఇచ్చిన ఆసుపత్రిని ఎవరూ అడగను కూడా అడగరు. నిజానికి రెండూ మందులే, రెండింటికీ మోతాదు ఉంది, ఏది తగ్గినా రోగి చనిపోతాడు. నర్సుల సంఖ్యను సిబ్బంది ఖర్చుగా ఆఫీసు దస్త్రాల్లో వదిలేయకుండా, చికిత్సలో భాగంగా కేసు షీటులోనే రాసే పద్ధతి రావాలి, ఈ షిఫ్టులో ఈ రోగికి ఎన్నో వంతు నర్సు అందిందో కుటుంబానికి తెలియాలి.

2016 తరువాత నర్సింగ్ మండలి గంభీర రోగుల సంరక్షణలో నర్స్ ప్రాక్టీషనర్ అనే రెండేళ్ల పీజీ చదువును ప్రవేశపెట్టింది. వైద్యుడు రాసిన నియమావళికి లోబడి సొంతంగా కొన్ని నిర్ణయాలు తీసుకోగల నర్సులను తయారుచేయడం దాని ఉద్దేశం. మచిలీపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలయింది, కోవిడ్ తరువాత జిల్లా ఆసుపత్రుల్లో ఆక్సిజన్ పడకలు, వెంటిలేటర్లు పెరిగాయి. ఆ చదువు చదివినవారికి ఈ పడకల దగ్గర హోదా, జీతం, స్థిరమైన ఉద్యోగం ఇవ్వకపోతే ఆ యంత్రాలు గుడ్డ కప్పుకుని మూలన పడి ఉంటాయి. దివిసీమ నుంచి విజయవాడకు అరవై, డెబ్బై కిలోమీటర్ల దారి, కట్లపాము విషం ఊపిరిని ఆపడానికి ఒక్కోసారి అంత సమయం కూడా ఇవ్వదు. అవనిగడ్డలో రాత్రి రెండు గంటలకు కనురెప్పలు వాలడం చూసి గుర్తుపట్టగలిగి, గొట్టం వేయడానికి వైద్యుడికి సాయపడి, అంబులెన్సులో దారి పొడవునా అంబు బ్యాగు లయ తప్పకుండా నొక్కగల నర్సు ఒక్కరుంటే, చేలో నాట్లు వేసి వచ్చి నేల మీద పడుకున్న కూలీ విజయవాడ దాకా ప్రాణాలతో చేరతాడు.